ఎనభై ఎనిమిది డిగ్రీల గది

నాగపూర్,
11 జూన్ 2007

ఒరే ఇస్తారీ,

ఫోన్ చేస్తే మూడో నిమిషంలో మనిద్దరికీ కొట్లాట మొదలవుతుంది, నాలుగో నిమిషంలో నువ్వు పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. అక్క రాసిన ఉత్తరాన్ని మధ్యలో కట్ చేసే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. చదువు, చదివి జవాబు రాయి. పదో తరగతి దాకా నీ చేత దస్తూరీ రాయించింది నేనే, అదిప్పుడు ఏ గతి పట్టిందో కూడా చూడాలి.

ముందు స్వప్న సంగతి చెప్పు. అయిదో నెల నిండిందా? పెళ్లయిన తొమ్మిదేళ్లలో రెండుసార్లు పోగొట్టుకుంది. రెండో బిడ్డ ఏడో నెలలో పుట్టి, ఆస్పత్రికి పోయే దారిలో ఆటోలోనే చల్లబడిపోయింది. ఆ రోజు ఫోన్‌లో విన్న నీ గొంతు నేనింకా మరచిపోలేదు. ఈసారి ఆమెను బిందె ఎత్తనివ్వకు. మీ అత్త భూలక్ష్మిని తెచ్చి ఇంట్లో పెట్టుకో. ఆమె నోరు పెద్దదే కాని పని మంచిది.

ఇక నా స్వార్థం. మా అక్క నాగపూర్‌లో డాక్టరమ్మ అని ఊరంతా చెప్పుకుంటున్నావట. నేను ల్యాబులో టెక్నీషియన్‌ని రా. రోగుల రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉంది, అది ఏ మందుకు చస్తుంది అని చూసి చెప్పడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. ఈ మధ్య ఏ మందుకూ చావనివి ఎక్కువవుతున్నాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని మా పెద్ద డాక్టరమ్మ ఫారం కోళ్ల మీద పరీక్షలు మొదలుపెట్టింది. ఇక్కడి ఫారాల వాళ్లు గేటు తీయడం లేదు. మా తమ్ముడి దగ్గర నాలుగు వేల కోళ్లున్నాయని గొప్పగా చెప్పి వచ్చాను. మీ బావ రైలు డ్యూటీ మీద అటు వచ్చినప్పుడు నలభై సీసాలు తెస్తాడు. ఒక్కో దాంట్లో దూది చుట్టిన పుల్ల ఉంటుంది. కోడి ముడ్డి దగ్గర ఒకసారి తిప్పి మళ్లీ సీసాలో పెట్టడమే. నవ్వకు. కోళ్లకు ఏ మందు ఎప్పుడు పోస్తావో, ప్యాకెట్ మీద పేరు చూసి రాయి.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. మీ బావ మోకాలు నొప్పి అంటూనే మెట్లెక్కి మేడ మీద పడుకుంటున్నాడు.

నీ మీద పెత్తనం వదులుకోని అక్క,
నీలమ్మ


ఇబ్రహీంపట్నం,
2 జూలై 2007

అక్కా,

దస్తూరీ చూసి తిట్టకు, కోళ్లను పట్టే చేతులివి. బావ నిన్న నలభై సీసాలు పట్టుకుపోయాడు. స్వప్న వాటి మీద నంబర్లు వేసింది. నేను ఒక్కో కోడిని పట్టుకుని పుల్ల తిప్పుతుంటే అత్త గుమ్మంలో నిలబడి, "దునియాల గిసొంటి పని ఎవలన్న జేస్తరా! మీ అక్కకు ఆడ కోళ్లే దొర్కలేదా?" అంది. స్వప్న పకపకా నవ్వింది. ఆరో నెల. నవ్వితే కడుపుకు ఏమవుతుందోనని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె అలాగే బతుకుతోంది అక్కా, ప్రతిదానికీ భయపడుతూ. నేను కూడా అంతే, పైకి చెప్పను.

మందుల సంగతి. కంపెనీ వాళ్లు ఒక్క రోజు వయసున్న కోడిపిల్లలను తెచ్చి దించుతారు. దాణా, మందు వాళ్లవే. నలభై రెండో రోజు కోళ్లను ఎత్తుకుపోయేదీ వాళ్లే. షెడ్డు, నీళ్లు, చాకిరీ మావి. పిల్లలు దిగిన రోజు నుంచి అయిదు రోజులు నీళ్లలో పొడి కలపాలి. జబ్బు ఉన్నా లేకపోయినా కలపాల్సిందే. మూడో వారంలో మళ్లీ నాలుగు రోజులు. ప్యాకెట్ మీద ఎన్రోఫ్లాక్సాసిన్ అని ఉంది. దాణాలో ముందే ఇంకేదో కలిపి పంపుతారట, అదేమిటో సూపర్‌వైజర్ శ్యామ్‌కు కూడా తెలియదు. మొన్న నాకు విరేచనాలు పట్టుకుంటే అదే పొడి రెండు చిటికెలు వేసుకుని తాగాను, పూటలో తగ్గింది. నువ్వు తిడతావని తెలిసే రాస్తున్నాను.

ఊరు నువ్వు చూస్తే గుర్తుపట్టవు. రింగ్ రోడ్డుకు రాళ్లు పాతారు. బొంగులూరు దగ్గర ఎటు చూసినా వెంచర్ల జెండాలే. కొంగరకలాన్‌లో మన మేనమామ కొడుకు రమేశ్ పొలం అమ్మి కారు కొన్నాడు. వచ్చి షెడ్డు ముందు ఆపి, "ఇంకెన్ని దినాలు ఈ కోళ్ల పెంట? అరెకరమైనా అమ్మితె కూసోని తినొచ్చు" అన్నాడు. కూర్చుని తినడం నాకు చేతకాదని చెప్పాను. ఈ షెడ్డు కట్టిన నాడు నన్ను చూసి నవ్విన వాళ్లే ఇప్పుడు కోడిపిల్లలను ఎలా బతికించాలని అడగడానికి వస్తున్నారు. ఈ బ్యాచ్‌లో చావులు నూటికి మూడు కూడా లేవు. "మీ షెడ్డు చూసి నేర్చుకోమని మిగతా రైతులకి చెబుతున్నానండీ" అని శ్యామ్ అందరి ముందూ అన్నాడు. ఆ మాట నీకు రాయాలనే ఇంత రాశాను.

నీ తమ్ముడు, నలభై కోళ్ల ముడ్లు చూసినవాడు,
ఇస్తారి


నాగపూర్,
9 ఆగస్టు 2007

ఇస్తారీ,

మనుషులు తాగే మందు వేరు, కోళ్లకు పోసే పొడి వేరు అని కూడా నేనే చెప్పాలా? ఇంకోసారి ఆ పొడి నోట్లో వేసుకున్నావని తెలిస్తే నేను రైలెక్కి వచ్చి వీపు చీరేస్తాను.

నీ కోళ్ల ఫలితాలు వచ్చాయి. నిదానంగా చదువు. మేము ఒక గాజు పళ్లెంలో సూక్ష్మజీవిని పెంచి, దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లకు ఒక్కో మందు పూసి ఉంటుంది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ సూక్ష్మజీవి పెరగదు. నీ షెడ్డు నుంచి వచ్చిన నలభైలో ముప్పై నాలుగు పళ్లేలలో బిళ్ల అంచు దాకా పెరిగింది. పన్నెండు మందులు పెట్టాను. పది పనిచేయలేదు. ఇమిపెనెమ్, కొలిస్టిన్ అని రెండే మిగిలాయి, అవి వేరే దారి లేనప్పుడు మనుషులకు వాడేవి. నేను తప్పు చేశానేమోనని మూడుసార్లు మళ్లీ చేశాను. నాలుగోసారి మా డాక్టరమ్మ తనే చేసి చూసింది, అదే వచ్చింది.

ఇది కోడి పేగుల్లో ఉండే సూక్ష్మజీవి. కోడికి ఏమీ కాదు, నీకూ మామూలుగా ఏమీ కాదు. కాని బలహీనంగా ఉన్న మనిషి రక్తంలోకి చేరితే మా దగ్గర మందు లేదు. అయిదు రోజులు ఊరికే పొడి పోస్తున్నావు చూడు, మెత్తనివన్నీ చచ్చి మొండివి మిగిలి పిల్లలు పెడుతున్నాయి. నువ్వు షెడ్డులో వేసుకునే బట్టలు ఇంట్లోకి తేకు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. స్వప్నను షెడ్డు వైపు రానివ్వకు. మందు తగ్గించమని ఆ శ్యామ్‌తో మాట్లాడు.

మా కాగితాల్లో నీ ఊరు, పేరు లేవు. ఏడో నంబరు ఫారం అని మాత్రమే ఉంది.

కోపంతో కాదు, భయంతో రాస్తున్నాను.
నీలమ్మ


ఇబ్రహీంపట్నం,
25 ఆగస్టు 2007

అక్కకు,

నీ ఉత్తరం అందిన నాలుగో రోజున ముగ్గురు మనుషులు సంచులతో వచ్చారు. షెడ్డు పొడవెంత, ఎన్ని కోళ్లు, ఎప్పటి నుంచి ఉంది అని అడిగి రాసుకుపోయారు. ఎవరు పంపారంటే ఆఫీసు అన్నారు. ఏ ఆఫీసో చెప్పలేదు. పేరు ఎక్కడా రాయలేదని నువ్వు రాసిన ఉత్తరం అప్పటికి నా జేబులోనే ఉంది.

శ్యామ్‌కు నీ మాట చెప్పాను. వినగానే అతని ముఖం మారిపోయింది. "చూడండి ఇస్తారి గారూ, కోడి బరువొచ్చిందా లేదా? చావుల్లేవు కదా? పళ్లేల్లో చూసి భయపెట్టేవాళ్లు బోలెడుమంది ఉంటారండీ. మీ షెడ్డులో రోగం ఉందన్న మాట బయటికి పోయిందంటే, కిందటేడు బర్డ్ ఫ్లూ అని మహారాష్ట్రలో చేసినట్టు గొయ్యి తీసి అన్నిటినీ పూడ్చేస్తారు. మీవే కాదు, చుట్టుపక్కల వాళ్లవి కూడా. అప్పుడు మిమ్మల్ని ఊళ్లో ఉండనిస్తారా?" అన్నాడు. దీనికి నువ్వేం జవాబు చెబుతావు?

నీ డాక్టరమ్మ దగ్గర మంచి పేరు కోసం నా బతుకు మీదికి తెచ్చావు. నా కోళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి, నేను ఆరోగ్యంగా ఉన్నాను. స్వప్న షెడ్డు వైపు రావడం లేదు, నువ్వు రాసినందుకు కాదు, నడవలేక. ఇంకెప్పుడూ సీసాలు పంపకు.

ఇస్తారి


నాగపూర్,
3 సెప్టెంబర్ 2007

ఇస్తారీ,

చచ్చిన మన బాపు మీద ఒట్టు, నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ముగ్గురెవరో నాకు తెలియదు. నా మాట నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఖర్మ. రెండు రోజులు అన్నం సహించలేదు. మీ బావ ఉత్తరం చదివి, "నీ తమ్ముడే కదా, నీ నోరే వాడికీ వచ్చింది" అన్నాడు.

కోళ్ల మాట ఇక ఎత్తను. స్వప్న మాట ఎత్తే హక్కు నాకుంది. ఎనిమిదో నెల నడుస్తోంది. ఆమె ఒళ్లు చూస్తే ఈసారి కూడా ముందే పుట్టవచ్చు, బిడ్డ చిన్నదిగా ఉండవచ్చు. అలాంటి బిడ్డకు అన్నిటికంటే ముందు కావాల్సింది వెచ్చదనం. పోయిన బిడ్డ చలికే పోయింది. గాలి తగలనివ్వకు, తడి బట్ట ఉంచకు, తల్లి ఒంటికి ఆనించి ఉంచు, పోతపాలు పట్టకు. నీకు వేరే నేర్పాలా? ఒక్క రోజు కోడిపిల్లలు నాలుగు వేలు వస్తే థర్మామీటర్ పట్టుకుని వారం రోజులు కాపలా కాస్తావు. ఒక్క డిగ్రీ తగ్గనివ్వవు. వాటిని చూసుకున్నట్టు నీ బిడ్డను చూసుకో, బతుకుతుంది. ఇంత నమ్మకంగా ఇంకెవరికీ చెప్పను.

నొప్పులు మొదలైతే ఆటో కోసం చూడకు, ముందే కారు మాట్లాడి పెట్టుకో.

అలిగినా అక్కనే,
నీలమ్మ


ఇబ్రహీంపట్నం,
22 సెప్టెంబర్ 2007

అక్కా, మేనత్తవయ్యావు!

వినాయక చవితికి ముందు రోజు, పద్నాలుగో తారీఖు శుక్రవారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. అయిదు వారాలు ముందే. కిలో ఎనిమిది వందలు. నువ్వు చెప్పినట్టే కారు సిద్ధంగా ఉంది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచి, పాలు బాగా తాగుతోంది, వెచ్చగా ఉంచుకోండి అని పంపేశారు. ముక్కు అచ్చం నీదే, అందరూ అంటున్నారు.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆ ముగ్గురూ రింగ్ రోడ్డు కోసం భూమి కొలిచేవాళ్లట. మళ్లీ వచ్చారు, ఈసారి గొలుసు తెచ్చారు. నీ మీద ఎంత మాట పడితే అంత మాట రాశాను. మనసులో పెట్టుకోకు.

మేము ఇంటికి వచ్చిన సాయంత్రమే వాన మొదలై ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఊరంతా కరెంటు లేదు, ఇంటి గోడలు చెమ్మ. పిల్ల పాదాలు నీలంగా మారాయి. స్వప్న వాటిని నోటి దగ్గర పెట్టుకుని ఊదుతూ ఏడుపు మొదలుపెట్టింది. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. కరెంటు పోతే కోడిపిల్లలు చస్తాయని షెడ్డుకు కంపెనీ వాళ్లు జనరేటర్ పెట్టించారు కదా! షెడ్డులో కోడిపిల్లల కోసం బల్బులు కట్టే గదిని గోనె పరదాతో రెండుగా చేశాను. పాత ఊక ఎత్తేసి కొత్తది పోశాను, సున్నం చల్లాను, మంచం వేశాను, మంచం మీద నాలుగు బల్బులు కట్టాను. అత్త నెత్తి కొట్టుకుంది. "పచ్చి బాలింతను, పసిపిల్లను కోళ్ల షెడ్ల పండవెడ్తవా? ఎవలన్న ఇంటె ఉమ్మేస్తరు!" నీ ఉత్తరం తీసి గట్టిగా చదివి వినిపించాను. "అక్క దవాఖాన్ల ఇరవై రెండేండ్లు జేసింది. నీకన్న ఎక్కువ ఎర్కనా?" అన్నాను. అప్పుడు స్వప్న లేచి తనే పిల్లను ఎత్తుకుంది. "ఏడైతే ఏంది, వెచ్చగుంటె సాలు. గీసారి సల్లబడనియ్య" అంది.

పద్దెనిమిదిన కొత్త బ్యాచ్ కోడిపిల్లలు దిగాయి. పరదాకు అవతల అవి, ఇవతల ఇది. వాటికి తొంభై అయిదు డిగ్రీలు, దీనికి ఎనభై ఎనిమిది. గంటకోసారి రెండు వైపులా థర్మామీటర్ చూస్తున్నాను. అవి కిచకిచమంటుంటే ఇది చెవులు రిక్కించి వింటుంది. పాదాలు ఎర్రగా అయ్యాయి అక్కా. అయిదో తారీఖుకు ఇరవై ఒక్క రోజులు నిండుతాయి, ఆ రోజు తొట్టెలలో వేసి పేరు పెడతాం. నువ్వు రాకపోతే ఊరుకోను.

నువ్వు గర్వపడేలా చూసుకుంటున్న నీ తమ్ముడు,
ఇస్తారి


నాగపూర్,
27 సెప్టెంబర్ 2007

ఇస్తారీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పిల్లను వెంటనే ఆ గదిలోంచి తియ్యి. ఇది చదువుతున్న చోటు నుంచే లేచి వెళ్లి తియ్యి. మీ ఇంటికి కరెంటు లేకపోతే రమేశ్ ఇంటికి తీసుకుపో, హైదరాబాద్‌లో లాడ్జికి తీసుకుపో, ఎక్కడికైనా సరే. పక్కింటి ఫోన్‌కు నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తడం లేదు. టెలిగ్రాం ఇచ్చాను. ఏది ముందు అందుతుందో తెలియక ఇది కూడా వేస్తున్నాను.

పిల్ల పాలు సరిగా తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా పిల్లల ఆస్పత్రికి పరిగెత్తు. పోగానే డాక్టర్‌కు కోళ్ల షెడ్డులో ఉంచామని చెప్పు. నా ఆగస్టు ఉత్తరం చేతికివ్వు. పది మందులు పనిచేయవు, రెండు పనిచేస్తాయి. వాటి పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లు ఆ రెండింటితోనే మొదలుపెడతారు.

చెప్పు ఇస్తారీ. సిగ్గుపడకు.

నీలమ్మ


హైదరాబాద్,
29 సెప్టెంబర్ 2007

అక్కా,

ఆస్పత్రి మెట్ల కింద కూర్చుని రాస్తున్నాను. మొన్న ఇక్కడి నుంచి నేనే నీకు ఫోన్ చేసే సమయానికి నీ టెలిగ్రాం ఊళ్లోకి వచ్చి ఉంటుంది. పిల్ల ఇరవై అయిదునే పాలు మానేసింది. ఇరవై ఆరున ఇక్కడ చేర్చాం. అద్దాల గదిలో పెట్టారు. రక్తంలో క్రిమి చేరింది అంటున్నారు, అదేదో తెలియడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందట. అప్పటిదాకా మామూలుగా ఇచ్చే మందు ఇస్తున్నారు. నిన్న ఒకసారి మార్చారు.

ఫోన్‌లో నువ్వు, "డాక్టర్‌కు షెడ్డు సంగతి జెప్పినవా?" అని అడిగితే చెప్పిన అన్నాను. చెప్పలేదు అక్కా.

చేర్చిన రోజే డాక్టర్ నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "నువ్వేం పని జేస్తవ్? ఇంట్ల కోళ్లు, పశువులు ఏమన్న ఉన్నయా?" వ్యవసాయం అన్నాను. కోళ్లు లేవన్నాను. నోరు దానంతట అదే అనేసింది. ఉన్నాయంటే వచ్చి షెడ్డు మూసేస్తారని, ఊరి వాళ్ల కోళ్లన్నీ పూడుస్తారని భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. పిల్లను నేనే తీసుకుపోయి అక్కడ పడుకోబెట్టానని స్వప్న ముందు ఎవరైనా అంటే నేను నిలబడలేను. ఇక్కడికి రావద్దని నిన్ను ఆపింది కూడా అందుకే. వస్తే నువ్వు చెప్పేస్తావు.

ఇప్పుడు చెబితే ముందే ఎందుకు చెప్పలేదని పిల్లను బయట పెడతారా? చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? నీ ఆగస్టు ఉత్తరం నా జేబులోనే ఉంది. ఫోన్ చేద్దామంటే స్వప్న నన్ను వదిలి అడుగు తీయడం లేదు. ఈ మాట నోటితో అనడం నా వల్ల కాదు. ఎల్లుండికి నీకు ఇది అందుతుంది. అందగానే ఆస్పత్రి నంబర్‌కు ఫోన్ చేసి నాకు ఒక్క మాట చెప్పు. చెప్పమంటే చెబుతాను.

ఇస్తారి


నాగపూర్,
9 అక్టోబర్ 2007

ఇస్తారీ,

ఈ పొద్దున ఇంటికి చేరాను. తలుపు కింద నీ ఉత్తరం ఉంది. నువ్వు వేసింది శనివారం. మర్నాడు ఆదివారం, మంగళవారం గాంధీ జయంతి. ముద్ర చూస్తే అయిదో తారీఖున ఇక్కడికి చేరింది. నేను మూడో తారీఖు సాయంత్రమే రైలెక్కాను. నాలుగో తారీఖు పొద్దున నేను ఆస్పత్రి గేటు దగ్గర ఆటో దిగేసరికి నువ్వు తెల్లగుడ్డలో పిల్లను పట్టుకుని నిలబడి ఉన్నావు. తొట్టెలకు ఒక్క రోజు ముందు.

మూడు రోజులు నీ ఇంట్లో ఉన్నాను. నువ్వు మాటిమాటికీ నా ముఖంలోకి చూసి తల దించుకుంటుంటే దుఃఖం అనుకున్నాను. డాక్టర్‌కు అన్నీ చెప్పావనే నమ్మాను. చెప్పినా దక్కలేదే అని ఏడ్చాను.

నీ ప్రశ్నకు జవాబు కావాలి కదా. చెప్పినా ఏమీ మారేది కాదు అని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. నా వల్ల కాలేదు. చెప్పాల్సింది ఇస్తారీ. మొదటి రోజే చెప్పి ఆ ఉత్తరం చూపిస్తే, మూడో తారీఖున మొదలుపెట్టిన ఆ రెండు మందులూ ఇరవై ఆరునే మొదలయ్యేవి. బతికేదా అంటే, బతికేదనే అనుకుంటున్నాను. పిల్ల రక్తం రిపోర్టు నకలు నా సంచిలో తెచ్చుకున్నాను. నీ షెడ్డు ఫలితాల పక్కన పెట్టి చూశాను. ఓడిపోయిన పదీ అవే, మిగిలిన రెండూ అవే. ఇది సాక్ష్యం కాదని ఎవరైనా వాదించవచ్చు. నాకు చాలు.

నువ్వు ఒక్కడివే చేశావనుకోకు. కోడిపిల్లల్లా చూసుకోమని రాసింది నేను. ఏ షెడ్డుకు దూరంగా ఉండమన్నానో ఆ షెడ్డునే మెచ్చుకుంటూ రాశాను. నీ కోపం చల్లార్చాలని రాసిన మాట అది. నలభై ఏడేళ్ల దాన్ని, ల్యాబులో పుట్టి పెరిగినట్టు మాట్లాడతాను, ఒక్క వాక్యం వెనక ఏముందో చూసుకోలేదు. బిడ్డను నువ్వూ నేనూ కలిసి పోగొట్టాం.

రెండు పనులు చెయ్యి. ఆ డాక్టర్ దగ్గరికి పోయి ఇప్పుడైనా నిజం చెప్పు, ఇంకొకరి బిడ్డకు పనికొస్తుంది. కొత్త బ్యాచ్ దిగితే నీళ్లలో ఏమీ కలపకు. ఇంతకంటే నీ నుంచి నాకేమీ వద్దు.

నీలమ్మ


ఇబ్రహీంపట్నం,
26 నవంబర్ 2007

అక్కకు,

ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. స్వప్న విప్పి చదివింది. నేను వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉంది. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. "నన్ను గూడ అడిగిండు డాక్టర్. నువ్వు చాయ్ తాగనీకి పోయినప్పుడు. ఇంట్ల కోళ్లున్నయా అని. నీ మొఖంల భయం జూసిన, నీకేమన్న అయితదని లేవన్న" అంది. అంతే. ఇద్దరం ఒకరికోసం ఒకరం ఆ మాట దాచామని అప్పుడు తెలిసింది.

నీ మూడు రోజుల మౌనం గురించి నేనేమనుకున్నానో చెప్పనా? ఉత్తరం చదివే వచ్చావనుకున్నాను. స్వప్నకు తెలియకూడదని కడుపులో పెట్టుకున్నావనుకున్నాను. నువ్వు రైలెక్కేటప్పుడు నీ కాళ్లు మొక్కింది అందుకే.

డాక్టర్ దగ్గరికి పోయాను. ఇద్దరమూ పోయాం. అంతా విని అతను నన్ను తిట్టలేదు. "మీ ఊర్ల ఎంతమంది గిదే మందు పోస్తరు?" అని అడిగాడు. అందరూ అన్నాను. రాసుకుని పెన్ను మూత పెట్టాడు.

పిల్లతో పాటు ఆ గదిలో పెరిగిన కోళ్లను అక్టోబర్ ముప్పైన ఎత్తుకుపోయారు. మంచి బరువు వచ్చాయి. నాలుగు వేలలో తొంభై మాత్రమే చచ్చాయి. ఇన్నేళ్లలో ఇదే మంచి బ్యాచ్ అని శ్యామ్ స్వీట్ డబ్బా తెచ్చాడు. పిల్ల సంగతి అతనికి తెలుసు. డబ్బా అక్కడ పెట్టి తల వంచుకుని పోయాడు.

పదిహేనున కొత్త పిల్లలు దిగాయి. మందు కలపనని శ్యామ్‌కు ముందే చెప్పాను. "మీ ఇష్టమండీ, కానీ చావులు ఎక్కువైతే మీకిదే ఆఖరి బ్యాచ్ అవుతుంది" అని ప్యాకెట్లు అరుగు మీద పెట్టి వెళ్లాడు. పాత మందు సరిగా పనిచేయడం లేదని కంపెనీ కొత్తది పంపిందట. దాని మీద పేరు చదివాను. కొలిస్టిన్. నువ్వు రాసిన ఆ రెండింటిలో ఒకటి, ఆఖరి రోజు మన పిల్లకు ఎక్కించింది. ప్యాకెట్లు చూరులో దాచాను.

మూడో రోజు నుంచి చావడం మొదలైంది. నలభై, నూట పది, రెండు వందల అరవై. స్వప్న ఆ షెడ్డులో అడుగు పెట్టదనుకున్నాను. తనే వచ్చింది. చచ్చిన పిల్లలను ఏరి గంపలోకి ఎత్తేది. కొన్ని ఇంకా కొన ఊపిరితో ఉండేవి. వాటిని అరచేతుల్లో పట్టుకుని ఊదుతూ కూర్చునేది. ఆరో రోజు మధ్యాహ్నం గంప కింద పడేసింది. "ఇంక నాతోని గాదు. ఒక్కొక్కటి సల్లగైతుంటె నా చేతులల్ల పెట్టుకోని నేను సూడలేను" అని ఏడ్చి ఏడ్చి, చూరులో చెయ్యి పెట్టింది. ప్యాకెట్ పళ్లతో చింపింది. కోళ్లకు నీళ్లు పోయే తొట్టి నిచ్చెన ఎక్కి పొడి నీళ్లలో పోసి కట్టెతో కలిపింది.

నేను కింద నిలబడి ఉన్నాను. ఆ మందు పేరేమిటో ఆమెకు తెలియదు, నాకు తెలుసు. నిచ్చెన పట్టుకుని ఆపవచ్చు. నేను నిచ్చెన కదలకుండా పట్టుకున్నాను.

మర్నాటికి కోడిపిల్లలు చావడం ఆగిపోయింది.

ఇస్తారి